పదిహేడు చూసిన పదకొండు కిటికీలు

పదిహేడు అంటే ఒక మనిషి. మా కిటికీల ఫ్యాక్టరీలో చివరి తనిఖీ బల్లల దగ్గర కూర్చునే వాళ్ళకి నంబర్లు ఉంటాయి. ఆమెది పదిహేడు, పక్క బల్ల దగ్గర కూర్చునే నాది పద్దెనిమిది. బయట నన్నెవరైనా పద్దెనిమిదీ అని పిలిస్తే ఊరుకోను. ఆమెను మాత్రం ఫ్యాక్టరీలోనే కాదు, వీధిలోనూ, చివరికి సొంత అక్క ఇంట్లోనూ పదిహేడు అనే అనేవారు. "పదిహేడు పిన్ని వచ్చింది!" అని అక్క పిల్లలు గోల చేస్తే ఆ అక్క పడీ పడీ నవ్వేది. ఈవిడా నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా పని చూసేవాళ్ళకి అదేదో పిల్లలాటలా ఉంటుంది. రెక్కకీ చట్రానికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, కాగితం పట్టుకుని లాగాలి. చిరగాలి గానీ జారి చేతికి రాకూడదు. జారిందంటే లోపలి రబ్బరు సరిగ్గా ఆనలేదని అర్థం, రేపు అందులోంచి గాలీ వానా ఇంట్లోకి వస్తాయి. తర్వాత లైటర్ వెలిగించి జంట అద్దాల ముందు పెట్టాలి. నాలుగు మంటలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి వేరే రంగులో ఉంటే వేడిని ఆపే పూత ఉన్నట్టు, నాలుగూ ఒకే రంగులో ఉంటే మామూలు అద్దాన్ని అంటగట్టినట్టు. ప్లాస్టిక్ చట్రం లోపల ఇనుప కమ్మీ ఉందో లేదో అయస్కాంతం చెబుతుంది. కింద నీళ్ళు పోయే బెజ్జాలు తెరిచి ఉన్నాయో లేదో పుల్ల చెబుతుంది. అన్నీ సరిపోతే, అద్దాన్ని పట్టి ఉంచే పట్టీ ఒకటి పైకి లాగి, దాని కింద గాడిలో మైనం పెన్సిలుతో మా నంబరు రాసి, పట్టీని మళ్ళీ నొక్కేస్తాం. ఆ అంకె మళ్ళీ ఎవరి కంటా పడదు, ఎవరైనా అద్దం ఊడదీస్తే తప్ప.

ఆమె పదిహేడు రాసి కింద రెండు గీతలు గీసేది. ఎందుకంటే ప్రతి కిటికీనీ రెండుసార్లు చూసేది. నేను నలభై పూర్తిచేసేసరికి ఆమె ముప్ఫై దగ్గర ఉండేది, సూపర్‌వైజర్ చేత రోజూ చీవాట్లు తినేది. కానీ పంతొమ్మిదేళ్ళలో ఆమె పాస్ చేసిన కిటికీ ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నావెన్ని తిరిగొచ్చాయో మీకెందుకు లెండి.

చుట్టుపక్కల ఎవరు పాత కిటికీలు తీయించి కొత్తవి పెట్టించుకున్నా ముందు ఆమెను తీసుకెళ్ళి చూపించుకునేవారు. "ధర చూసి మోసపోకండి, అద్దాన్ని చూసి అసలే మోసపోకండి. రబ్బరు చూడండి, మూలల అతుకు చూడండి," అని చెప్పేది. ఆమె బాగుందంటే ఇంక ఎవరూ రెండో మాట అడిగేవారు కాదు. మొగుడు లేడు, పిల్లలు లేరు, చెప్పుకోడానికి ఒక నగ లేదు. ఉన్నదల్లా ఆ మాటే.

అలాంటి మనిషి గదిలో ఉన్న ఒకే ఒక్క కిటికీ ఎలా ఉండేదనుకున్నారు? ఎప్పటిదో చెక్క కిటికీ. వంకర తిరిగిపోయి, సందుల్లో వార్తాపత్రికలు కుక్కి ఉండేది. వాన వస్తే మంచం పక్కకి జరుపుకునేది. కిటికీ మార్పించమంటే ఇంటివాడు, "నీకెందుకమ్మా, నీ దగ్గర బోలెడు కిటికీలుంటాయిగా!" అని జోకు వేసేవాడు.

అక్కకీ ఈమెకీ రెండేళ్ళే తేడా. బావకి టైర్ల షాపుంది, అది బాగా నడుస్తుంది. పోయినేడు ఒక మేడ పై అంతస్తులో పెద్ద ఇల్లు కొన్నారు. పదకొండు కిటికీలు. టేకు చెక్కవే గానీ పాతవి, అవన్నీ పీకించి కొత్తవి పెట్టించాలనుకున్నారు. అప్పుడు పదిహేడు అక్కని రెండు అడిగింది. కొనేటప్పుడు నన్నూ తీసుకెళ్ళండి అనేది మొదటిది. "మేం పెద్ద షాపులో కొంటున్నామే, నువ్వు చూసే రకం కాదులే," అంది అక్క. రెండోది, పీకేసిన వాటిలో ఒక్క కిటికీ తనకిమ్మని. వంటింటి కిటికీ ఈమె గదికి అంగుళం తేడా లేకుండా సరిపోతుంది. కొలతలు రాసి చీటీ కూడా ఇచ్చింది. "ఓస్, అదెంత భాగ్యం, తీసుకెళ్ళు," అంది అక్క.

ఆ చీటీ ఇచ్చిన రోజు నుంచి పదిహేడు నోట ఆ కిటికీ మాట తప్ప ఇంకో మాట లేదు. రంగు ఏది వేయించాలి, మడత బందులు మార్చాలా అక్కర్లేదా అని నా ప్రాణం తీసింది.

కొత్తవి బిగించడం పూర్తయ్యాక అక్క చుట్టాలందరినీ భోజనానికి పిలిచింది. పదిహేడు నన్ను తోడు రమ్మంది. కిటికీ మోసుకురావడానికి ఇంకో మనిషి కావాలిగా మరి! వెళ్ళేసరికి హాలు నిండా జనం. ఒక మూల ఫిట్టర్ దోమల జాలీలు బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళకి గుడ్డలు కట్టుకుని పనిచేస్తున్నాడు. కిటికీలు ముదురు చెక్క రంగులో మెరిసిపోతున్నాయి.

"అక్కా, వంటింటి పాత కిటికీ ఎక్కడ పెట్టావ్?" అంది పదిహేడు, చెప్పులైనా విడవకుండా.

"అయ్యో, మర్చేపోయానే! మొన్న పాత సామానువాడొస్తే మొత్తం తోలించేశాం." అక్క నొచ్చుకున్నట్టు కూడా అనలేదు. "అయినా ఆ చెత్త నీకెందుకే? సరే సరే, రా, వచ్చి నీ విద్య చూపించు. ఊరందరికీ ఉచితంగా చెప్తావుగా, మాకూ చెప్పు. ఇది మీ ఫ్యాక్టరీ సరుకు కాదులే, చూసి కంగారు పడకు."

చుట్టాలు నవ్వారు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద కొలతల చీటీ అలాగే ఉంది. దాని మీద పిల్లలెవరో మీసాలున్న పిల్లి బొమ్మ గీశారు.

పదిహేడు ఆ చీటీని చూసింది. తర్వాత సంచీలోంచి కాగితం ముక్క తీసి మొదటి కిటికీ దగ్గరికి నడిచింది. రెక్క మూసింది. హ్యాండిల్ తిప్పింది. చివరిదాకా తిప్పలేదు, వేలెడు దూరం ఉందనగా ఆపేసింది. హ్యాండిల్ పూర్తిగా తిరిగితేనే లోపలి కొక్కేలు పడి రెక్కను చట్రానికి అదుముతాయి. ఆ సంగతి హాలులో ముగ్గురికే తెలుసు. ఆమెకి, నాకు, ఫిట్టరుకి.

లాగింది. కాగితం హాయిగా చేతిలోకి వచ్చేసింది.

"జారిపోతోంది," అంది, ఏమీ ఎరగనట్టు.

పదకొండు కిటికీలకీ అదే చేసింది. నేను నోరు మూసుకుని వెనకాలే నడిచాను. ఆ రోజు ఆమె ఒక్క కిటికీని కూడా చూడలేదు, ప్రతి కిటికీ దగ్గరా తిరిగి అక్క మొహమే చూసింది. మొహం ఒక్కో కిటికీకీ కాస్త కాస్త పాలిపోతూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది.

ఫిట్టర్ లేచి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, హ్యాండిల్ ఇంకాస్త తిరగాలమ్మా. ఉండండి, నేను చూపిస్తా."

"నోర్ముయ్!" అన్నాడు బావ. "పంతొమ్మిదేళ్ళ నుంచి మా మరదలు చేసేది ఇదే పని. ఆవిడకి నేర్పుతావా నువ్వు?"

"నేర్పడం కాదు సార్, ఒక్కసారి తిప్పి చూడండి..."

బావ అతని చెయ్యి హ్యాండిల్ మీంచి విసిరికొట్టాడు. చుట్టాల్లో ఒకాయన అతని సామాన్ల సంచీని కాలితో గుమ్మం వైపు తోశాడు. స్క్రూలు నేలంతా చెల్లాచెదరయ్యాయి. ఫిట్టర్ కింద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ఎవరూ వంగలేదు. నేనూ వంగలేదు.

అప్పుడు అక్క వచ్చి పదిహేడు భుజం మీద చెయ్యి వేసింది. "నా చెల్లెలు అబద్ధం ఆడదు," అంది అందరూ వినేటట్టు. "దానికి చేతకాదు. చిన్నప్పుడు నేనేం పగలగొట్టినా నిజం చెప్పేసి నాకు తన్నులు తినిపించేది. అది బాలేదందంటే బాలేనట్టే."

అక్క ఆమెను నలుగురిలో మెచ్చుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. పదిహేడుకి కూడా అదే మొదటిసారి అని ఆమె మొహం చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "హ్యాండిల్ ఎందుకాపావ్?"

కిటికీలోంచి బయటికి చూసింది. "రేపు చెప్పేస్తాలే. ఒక్కపూట కుమలనీ. ఒక్కపూటేగా! రేపు మధ్యాహ్నం వెళ్ళి, మళ్ళీ చూశాను, బాగానే ఉన్నాయని చెప్పేస్తా."

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళింది. బావ పొద్దున్నే ఫిట్టర్ని పిలిపించి, అతని చేతే గునపంతో పదకొండూ పీకించేశాడట. ఈమె వెళ్ళేసరికి గోడల్లో పదకొండు కన్నాలున్నాయి. అక్క ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, తన చేత్తో వడ్డించింది, పిల్లలతో, "మీ పిన్ని లేకపోతే నిలువునా మోసపోయేవాళ్ళం, దండం పెట్టండి," అంది. వాళ్ళు పెట్టారు. ఆ అన్నం తిని, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చేసింది.

సరిగ్గా పది రోజులకి మేనేజర్ పిలిపించాడు, నన్ను కూడా.

గదిలో అక్కా బావా కుర్చీల్లో ఉన్నారు. ఫిట్టర్ నిలబడి ఉన్నాడు. గోడకి ముదురు రంగు కిటికీ ఒకటి ఆనించి ఉంది. ఒక పక్క పట్టీ ఊడదీసి ఉంది. గాడిలో మైనం పెన్సిలుతో పదిహేడు, కింద రెండు గీతలు.

మా ఫ్యాక్టరీ నాలుగు కంపెనీలకి సరుకు చేస్తుంది. ఇక్కణ్ణుంచి తెల్లగా వెళ్ళిన కిటికీకి బయట చెక్క రంగు రేకు అంటించి, వేరే హ్యాండిల్ బిగించి, వేరే స్టిక్కర్ వేస్తారు. షాపువాళ్ళు వెనక్కి పంపిన పదకొండూ అలా తిరిగి మా దగ్గరికే చేరాయి. మామూలుగా అయితే ఎంత రంగు పూసినా మూల అతుకు చూసి ఆమె ఇట్టే గుర్తుపట్టేది. ఆ రోజు చూస్తేగా!

"పదకొండింటి మీదా నీ నంబరే ఉంది," అన్నాడు మేనేజర్. "ఇక్కడ బాగున్నాయని రాశావు. వాళ్ళింట్లో బాలేవని చెప్పావు. గునపంతో పీకి చట్రాలన్నీ వంచేశారు కాబట్టి ఇప్పుడు పరీక్ష పెట్టినా లాభం లేదు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం. ఏదో నువ్వే చెప్పు."

"హ్యాండిల్ పూర్తిగా తిప్పలేదు సార్ ఆవిడ," అన్నాడు ఫిట్టర్. "షాపువాళ్ళు నాకు పని ఇవ్వడం మానేశారు సార్. ఆవిడ్నే అడగండి."

పదిహేడు అక్క వైపు చూసింది.

"మా చెల్లెలు అబద్ధం ఆడదండి," అంది అక్క. ఎంత నమ్మకంగా అందో! పుట్టి బుద్ధెరిగాక ఒక పాత కిటికీ కూడా ఇవ్వని మనిషి, ఇవ్వకూడని ఈ నమ్మకాన్ని ఇచ్చింది.

"ఇక్కడ చూడకుండా వేసేశాను సార్," అంది పదిహేడు.

"ఏంటి?"

"నంబరు. చూడకుండానే రాసేశాను. ఎప్పుడూ అంతే సార్."

మేనేజర్ నా వైపు తిరిగాడు. "నువ్వు పక్క బల్లేగా! నిజమేనా?"

నాకు తెలుసు. ప్రతి కిటికీనీ రెండుసార్లు చూసేదని తెలుసు, జ్వరంతో వచ్చిన రోజు కూడా చూసిందని తెలుసు. హ్యాండిల్ సంగతీ తెలుసు. ఆమె బల్ల పెద్ద కిటికీ పక్కన ఉంటుందనీ, పగలంతా దాని మీద మంచి వెలుతురు పడుతుందనీ, నాది స్తంభం వెనకాల చీకట్లో ఉంటుందనీ కూడా తెలుసు.

"నేను నా పని తప్ప పక్కకి చూడను సార్," అన్నాను.

ఫిట్టర్ నా మొహంలోకి చూసి, బయటికి నడిచాడు.

తప్పుడు సరుకు బయటికి పోకూడదని మా దగ్గర నియమం. పదకొండు కిటికీల అద్దాలూ ఆ సాయంత్రమే పెరట్లో పగలగొట్టించారు. పాస్ చేసిన మనిషి దగ్గరుండి చూడాలన్నాడు మేనేజర్, మిగతావాళ్ళకి బుద్ధి రావాలని. గట్టి అద్దాలు కదా, మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకీ పగల్లేదు. సుత్తి పట్టుకున్నవాడు చెమటలు తుడుచుకుని, "ఇదేం తప్పుడు సరుకురా నాయనా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఫిట్టర్ వచ్చి, ఒక్కటి తనకిమ్మని, తన ఇంటికి పెట్టుకుంటానని అడిగాడు. కుదరదన్నారు. పదిహేడు ఆ మాట విని తల దించుకుంది. చివరి అద్దం దాకా అక్కడే నిలబడింది, తర్వాత తన నంబరు బిళ్ళ ఇచ్చేసి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి ఆ బల్ల నాకిచ్చారు. ఊళ్ళో కిటికీలు చూడమని ఆమెను పిలవడం ఆపేశారు. ఇంతకుముందు ఆమె బాగున్నాయన్న కిటికీల్ని కూడా జనం అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. ఉద్యోగం లేనిదానికి గది ఎందుకన్నాడు ఇంటివాడు. అక్క జాలిపడి తీసుకెళ్ళి వెనక సామాన్ల గది ఇచ్చింది. గిన్నెలూ బట్టలూ ఆమె చూసుకుంటోందని విన్నాను.

నాలుగు నెలల తర్వాత వెళ్ళాను. ఆమె సొరుగులో లైటరూ అయస్కాంతమూ ఉండిపోయాయి, ఇచ్చి రావాలని. దారిలోనే వాన అందుకుంది. హాల్లో అక్క స్నేహితురాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. గోడలకి కొత్త కిటికీలు. బావ తొందరపడి చవగ్గా వచ్చాయని కొన్నవి. గుమ్మంలోంచే కనబడుతోంది, మూలలు అతుకు విడిచి ఉన్నాయి. చట్రంలో కమ్మీ లేదు, గాలి కొట్టినప్పుడల్లా రెక్కలు ఊగుతున్నాయి.

"ఫ్యాక్టరీలో ఏం వెలగబెట్టిందో గానీ, మాకు మాత్రం ఎప్పుడూ నిజమే చెప్పింది," అంటోంది అక్క. "పదిహేడూ, ఇలా రావే! ఇవెంత గట్టివో వీళ్ళకి చూపించు."

పదిహేడు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి తలూపింది. కాగితం పెట్టి రెక్క మూసి, ఈసారి హ్యాండిల్ చివరిదాకా తిప్పింది. మెల్లగా లాగింది. కాగితం జారడం మొదలైంది. అది పూర్తిగా బయటికొచ్చేలోపు ఆమె బొటనవేలి గోరు దాని మీద నొక్కి, చర్రున చింపింది.

"పట్టేసింది చూశారా," అని చిరిగిన ముక్క పైకెత్తి చూపించింది.

"చూశారా!" అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వూ ఆ పనే చేస్తావుగా అమ్మాయ్, నువ్వేమంటావ్?"

"గట్టి కిటికీలే," అన్నాను.

పదిహేడు నన్ను మెట్ల దాకా సాగనంపింది. లైటరూ అయస్కాంతమూ ఇస్తే తీసుకోలేదు, "నాకెందుకు, నువ్వే ఉంచుకో," అంది.

"ఎందుకు చేస్తున్నావ్ ఇదంతా?" అన్నాను. "మీ అక్కతో నిజం చెప్పెయ్. ఏం చేస్తుంది?"

"నా చెల్లెలు అబద్ధం ఆడదు అంది కదా," అంది. తర్వాత ఆమే అడిగింది. "నా బల్ల దగ్గర వెలుతురు బాగుందా?"

"బాగుంది."

"రెండుసార్లు చూస్తున్నావా?"

"చూస్తున్నా," అన్నాను.

నా మొహంలోకి చూసింది. "చూడవు," అంది, కోపమేమీ లేకుండా.

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది, స్నేహితురాళ్ళకి వినబడకూడదని కాస్త తగ్గించి. "పదిహేడూ! వంటింటి కిటికీలోంచి మళ్ళీ నీళ్ళొస్తున్నాయే, గుడ్డ పట్టుకురా!"

"వస్తున్నా అక్కా," అని లోపలికి పరుగెత్తింది. నేను గొడుగు విప్పుకుని మెట్లు దిగాను.